కొలంబో దారిలో అవ్వ చెవి

మొన్న విరుదునగర్‌లో మా పక్కింటి చిన్నకోడలు చంటిబిడ్డతో మొదటిసారి కొలంబోకి, మొగుడి దగ్గరికి పోతూ, దారిలో ఏ దెబ్బా తగలకుండా ఎలా పోవాలక్కా అని అడగడానికి వచ్చింది. ఆ దారిన ఎన్నోసార్లు పోయివచ్చిన దాన్ని కనుక మా వీధిలో ఈ పాఠం నాదే. రైలు కిటికీ పలక కింద వేళ్లు పెట్టొద్దు, ఓడమెట్ల మీద బిడ్డను నడుముకి గుడ్డతో కట్టుకో, ఒంటి మీద వేలాడేవన్నీ తీసి మూటకట్టు అని, విసుగ్గానే అయినా, అన్నీ చెప్పాను. ఆ చివరి మాట చెప్పి పంపాక ఇంక ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

నా చిన్నప్పుడు మా తాత ఒక మిరపకాయల వ్యాపారి దగ్గర కొలంబో గిడ్డంగిలో పనిచేసేవాడు. ఆయన్ని చూడడానికి కోవిల్‌పట్టి నుంచి అవ్వ, అంటే ఆయన భార్య, ఆమె కోడలైన మా అమ్మ, నేను బయలుదేరాం. అవ్వ చెవితమ్మెలు భుజాల దాకా సాగి ఉండేవి, వాటికి పాంబడాలని బరువైన బంగారు నగలు; మీ అవ్వలకీ ఉండే ఉంటాయి. మొగుడు బతికుండగా వాటిని తీసి బోడిచెవులతో గడప దాటకూడదని, తమ్మె తెగితే మొగుడికే కీడని మావాళ్ల పట్టింపు, రైలు, ఓడల తోపులాటలో ఎక్కడ తగులుకుంటాయోనని అమ్మ భయం.

"అత్తా, తీసి నడుముకు కట్టుకోండి. కొళుంబులో ఏసుకుందురు."

"నోరు మూయ్యే! మొగుని దగ్గరికి ముండమోపి మాదిరి పొయ్యేదా? నీకేమి, కందిబేడంత కమ్మలు!"

చివరికి చెవులమీదుగా తువ్వాలు చుట్టుకోవడానికి ఒప్పుకుంది. రైల్లో అందరూ పన్నునొప్పా అని అడుగుతుంటే మండిపడింది. సముద్రం దాటి ఓడ అవతలి ఒడ్డుకు చేరేసరికి, తాత రేవుకే వచ్చి ఉంటాడేమోనని ఆశపడి, అమ్మ వద్దంటున్నా ఆ తువ్వాలు విప్పేసింది. మెట్ల మీద వెనకనుంచి తోసుకొచ్చినవాడి పరుపుచుట్ట తాడు ఎడమ పాంబడానికి తగులుకుంది; వాడు చూసుకోకుండా ముందుకు దూకాడు, చెవితమ్మె తెగిపోయింది. అవ్వ పాంబడాన్ని పిడికిట్లో బిగించుకుని, రవికంతా నెత్తురు కారుతుండగా అలాగే దిగింది.

తాత రేవుకు రాలేదు; అక్కణ్నుంచి మళ్లీ రైలెక్కి పోతే, కొలంబో స్టేషన్లో ఉన్నాడు. మళ్లీ చుట్టిన తువ్వాలు దూరంనుంచే చూసి నవ్వాడు.

"ఏమే, పన్నునొప్పా? నన్ను కరిచేదానికి ఒకటన్నా మిగిలిందా?"

దగ్గరికొచ్చి నెత్తురు మరకలు చూసి, తువ్వాలు అంచు ఎత్తి చూశాడు. అవ్వ ఆయన్ని పైనుంచి కిందిదాకా తడిమి చూసింది.

"నా చెవి పోతే పోనీ. మీకేం కాలేదు కదా?"

వైద్యుడు కుట్టాడు కానీ ఆ పలచని తోలు అతకలేదు. తాత ఆ తర్వాత చాలాకాలం బాగానే ఉన్నాడు, అయినా ఆయన ఉత్తరం ఆలస్యమైతే అవ్వ అన్నం ముట్టేది కాదు. కోవిల్‌పట్టిలో పెళ్లిళ్లకు పోతే హారతి పళ్లెం ఆమె చేతికి ఇవ్వకుండా, పక్కామెకు అందించేవారు. కొంగు చెవిమీదికి లాక్కుని వెనకవరసలో కూర్చునేది.

ఇప్పుడు మావాళ్ల ఆడవాళ్లే ఆస్పత్రికి పోయి, సాగిన తమ్మెలు కోయించి కుట్టించుకుని, చిన్న కమ్మలు పెట్టుకుని వస్తున్నారు. మొగుడు ఎలా ఉన్నాడని ఎవరూ అడగరు, హారతి పళ్లెం ఎవరూ పక్కకు తప్పించరు. మంచిదే, కాదనను. ఇంత సులువుగా వదిలిపోయే పట్టింపు కోసమా అవ్వ అన్నేళ్లు భయపడుతూ బతికిందని తలుచుకుంటే మాత్రం, కూర్చున్నచోటే ఒళ్లంతా అలసిపోతుంది.