బెల్లం కలిపిన బీరు

నోవై అనే అమెరికా ఊళ్లో, మా ఇంటి బేస్‌మెంట్‌లో బీరు తయారు చేయడం మొదలుపెట్టి అప్పటికి రెండో శీతాకాలం. సీసాల మీద తెల్లకాగితం అంటించి ఆల్కహాల్ శాతం నా చేత్తో రాసేవాణ్ణి. మా భూములు మూడు తరాల క్రితమే పోయాయి. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తాగా చేరిన మొదటి రోజు కూడా మడత నలగని పంచెతోనే వెళ్లారు. మేము ఒక మాట చెబితే రెండోసారి ఎవరూ అడగరన్న పేరొక్కటే మాకు మిగిలింది. సీసా మీది అంకె కూడా అలాంటి మాటేనని నా ఉద్దేశం.

మా వీధి చివర రిటైరైన డాక్టరుగారు, ఆవిడ భర్త ఉంటారు. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో మంచులో కారు నడపడం నేర్పింది ఆయనే. నా నడుం వంగదని నన్ను ‘జమీందారూ’ అని పిలుస్తారు. ఆ పిలుపు మరొకరి నోట వస్తే ఊరుకోను. ఆయనకు బైపాస్ అయిన ఏడాదికి, ఆదివారం ఒక్క మామూలు బీరు తాగవచ్చని కార్డియాలజిస్టు అన్నారట. ఆ ఒక్కటీ నాదే కావాలన్నారు ఆయన.

“పర్సంటేజ్ ఎంత బాబూ?” అని డాక్టరుగారు అడిగారు.

“ఐదండీ” అన్నాను.

శాతం తేల్చడానికి హైడ్రోమీటరు ఉంటుంది. పాలల్లో నీళ్లు పట్టించే లాక్టోమీటరుకు చుట్టం. తీపి ద్రవంలో పైకి తేలుతుంది, తీపి ఆల్కహాల్‌గా మారాక కిందికి దిగుతుంది. ఈస్టు వేయకముందు ఒకసారి, పులిశాక ఒకసారి చూసి, తేడాను బట్టి లెక్క కట్టాలి. ఆయనకిచ్చిన విడత చేస్తుంటే మధ్యలో ఆఫీసు కాల్ వచ్చి, మొదటి కొలత చూడకుండానే ఈస్టు వేసి మూత పెట్టేశాను. రెసిపీలో ఐదని ఉంది, ఐదని రాశాను. రుచి కోసం నేను అదనంగా కలిపిన కిలో బెల్లం లెక్కలోకి రాలేదు.

సోమవారం డాక్టరుగారు ఫోన్ చేశారు. “నిన్న ఒక్క బాటిల్‌కే ఆయనకి కళ్లు తిరిగాయి బాబూ. సోఫాలోంచి లేవలేకపోయారు. రేపటికి అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. ఇంక ఆదివారం బీరు కట్.”

వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. “నా గుండె పనైపోయిందటయ్యా జమీందారూ! ఒక్క బీరు కూడా మొయ్యలేదట!”

నవ్వుతూనే అన్నారు. కానీ ఆ నవ్వు చివర వణికింది.

ఫోన్ పెట్టేశాక బేస్‌మెంట్‌లోకి దిగాను. బెల్లం ఖాళీ ప్యాకెట్ ఇంకా అక్కడే ఉంది. నింద పడ్డది ఆయన గుండె మీద. తప్పు నా అంకెది. అదే విడతలోని సీసా ఒకటి, హైడ్రోమీటరు పట్టుకుని మంచులో నడిచి వెళ్లాను.

“డాక్టరుగారూ, నేను చెప్పిన ఐదు కొలిచి చెప్పింది కాదు” అన్నాను గుమ్మంలోనే. నా జీవితంలో అంత పొడవైన వాక్యం మరొకటి పలకలేదు.

ఆవిడ తలుపు పూర్తిగా తీశారు. “షూస్ విప్పి లోపలికి రా. ఇప్పుడు కొలవడానికి దారే లేదా?”

“ఉందండీ. మరిగించాలి.”

“స్టవ్ ఇక్కడుందిగా!”

బీరును టీ తిరగబోసినట్టు రెండు గిన్నెల్లోకి పోస్తూ నురగ చంపాము. కొలపాత్రలో ఒక గీత వరకు పోసి మంచినీళ్లలో 1000 చూపించే హైడ్రోమీటరు వేస్తే 1010 చూపించింది. దాన్ని సగమయ్యేదాకా మరిగించి ఆల్కహాల్ పోగొట్టాము. మళ్లీ అదే గీత దాకా నీళ్లు కలిపి, పెరట్లో మంచులో పెట్టి, వేడి తగ్గాక చూస్తే 1020. ఆ పది పాయింట్ల తేడా పోయిన ఆల్కహాల్‌దే. ఫోన్‌లో పట్టిక చూస్తే దాదాపు ఏడున్నర శాతం.

స్టూలు మీద కూర్చున్న ఆయన, “ఏం కలిపావయ్యా ఇందులో?” అన్నారు.

“బెల్లమండీ. కిలో.”

“బెల్లమా? బీరు చేశావా, అరిసెల పాకం పట్టావా?”

డాక్టరుగారు నవ్వలేదు. “అయితే గుండె కాదేమో” అన్నారు మెల్లగా. అపాయింట్‌మెంట్ మాత్రం మానుకోలేదు. మర్నాడు కార్డియాలజిస్టు కూడా గుండె బాగానే ఉందన్నారు.

ఆ కబురు విని వెళ్లి నేను క్షమించమని చేతులు జోడించబోతే, ‘జమీందారూ’ అంటూ ఆయన పట్టుకుని ఆపేశారు. “నువ్వు నోరు విప్పకపోతే నేను ముసలాణ్ణయిపోయానని ఒప్పేసుకునేవాణ్ణయ్యా.”

మా వంశం పేరు విని నమ్మినవాళ్లు నాకు కొత్త కాదు. నా తప్పు నా నోటితోనే విని కూడా నమ్మింది మాత్రం వీళ్లిద్దరే. ఆ రుణం నాకు బరువుగా లేదు, హాయిగా ఉంది.

ఆ బీరు పారబోయలేదు. ఏడున్నరలో ఐదంటే మూడింట రెండు వంతులని డాక్టరుగారే లెక్క కట్టి, ఆయన గ్లాసుకు టేపు ముక్కతో గీత పెట్టారు. ఆ విడత అయిపోయేదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ఆవిడ పోస్తుంటే ఆయన వంగి, గీతకు కన్ను ఆనించి, “ఇంకో చుక్క పడుతుందే!” అనేవారు. సీసాలో మిగిలిన మూడో వంతు నాది.