కంటికి కనబడే కడ్డీ

మా ఆయన పోయాక ఎనిమిది నెలలు మేడమీది స్నానాలగదిలో కాలు పెట్టలేదు. నూనె రాసుకుని తలంటు పోసుకోబోయి ఆయన జారింది అక్కడే. జారుతూ టవల్ రాడ్ పట్టుకున్నారు. అది అందానికి పెట్టిన రాడ్. ఊడి ఆయనతోపాటే తొట్టిలో పడింది.

నేను కింద సింకు దగ్గర తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేదాన్ని. మా అమ్మాయి రచన అది కనిపెట్టి, ఇక్కడ అమెరికాలో మా నేపర్‌విల్ ఊళ్లోనే ఉండే సూర్యప్రకాశరావుగారిని పిలిచింది.

ఆయన ముప్పై ఏళ్లు వంతెనలు తనిఖీ చేసి రిటైరైన ఇంజనీరు. ఇప్పుడు తెలిసినవాళ్ల ఇళ్లలో, పడిపోకుండా పట్టుకునే కడ్డీలు బిగిస్తుంటారు. ఆ ఇంట్లోవాళ్లు స్నానం చేసి క్షేమంగా బయటికి వచ్చేదాకా కాఫీ ముట్టరు. అదేమిటండీ అంటే, “మొదటి బండి దాటేదాకా వంతెన పూర్తయినట్టు కాదమ్మా,” అన్నారు.

రచన స్నానాలగది గోడల తెల్లటి పలకలకి మ్యాచ్ అయ్యేలా తెల్ల కడ్డీ ఆర్డర్ చేసింది. పక్కనే కొత్త నల్ల టవల్ రాడ్ కూడా పెట్టించింది.

“హాస్పిటల్ లుక్ రాకూడదు అంకుల్.”

“బాత్‌రూమ్‌కి వస్తే రానీ, మీ అమ్మకి రాకపోతే చాలు.”

రావుగారు అయస్కాంతంతో మేకుల జాడ పట్టి, గోడ లోపలి చెక్క ఎక్కడుందో వెతికి, కడ్డీ బిగించి, దాన్ని పట్టుకుని వేలాడారు. కదల్లేదు.

“చెల్లెమ్మా, కళ్లద్దాలు తీసి తొట్టిలో నిలబడు. కళ్లలో సబ్బు పడిందనుకో. నేను జారావనగానే పట్టుకో.”

పొడి తొట్టే. అయినా అంచు పట్టుకునే దిగాను.

“జారావ్!”

నా చెయ్యి నల్ల రాడ్ మీద పడింది. మా ఆయన పట్టుకున్న చోటే. గోడంతా తెలుపు, ఆ తెల్ల కడ్డీ ఎక్కడుందో నాకు కనబడనే లేదు.

రావుగారు రెండూ విప్పేశారు. కారులోంచి ముదురు నీలం కడ్డీ తెచ్చారు.

“అంకుల్, ఇది కొట్టొచ్చినట్టు కనబడుతోంది!”

“కనబడాలనే కదా. అందం వద్దని నేనన్లేదమ్మా. మీ కర్టెన్ మీద నీలం పువ్వులు లేవూ?”

బిగించి మళ్లీ వేలాడి, కిందికెళ్లి కూర్చున్నారు. బల్ల మీద కాఫీ ఉంది.

షవర్ తిప్పాను. నీళ్లు తలమీద పడుతుంటే కళ్లు మూయాలంటే భయం. మూశాను. ఒక చేత్తోనే స్నానం చేశాను.

“అమ్మా, పట్టుకున్నావా?” తలుపు బయట రచన.

“ఆఁ.”

“పట్టుకున్నావా?”

“ఆఁ అన్నానుగా!”

తల తుడుచుకుంటూ దిగేసరికి కాఫీ చల్లారిపోయింది. వేడి చేసిస్తానన్నా ఆగకుండా ఆయన చల్లటిదే తాగేశారు. నా ఎడమచెయ్యి మాత్రం ఇంకా మెట్ల కడ్డీ వదల్లేదు.