ఎల్లయ్య గంటు దాటిన పగులు

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల టవర్ ముందు తోట వేస్తున్నారు. అందులో నడిచే దారికి రాళ్లు చెక్కి పరిచే పని నాది. ముప్పై ఏళ్లకు పైగా రాయితోనే బతుకుతున్నాను. మొదట్లో నేనూ మా ఆయన ఎల్లయ్యా గుట్టల మీద బండలు లేపేవాళ్లం. రాతి దుమ్ము ఛాతీలో చేరి ఆయన పోయాక నేను ఇలాంటి చిన్న పనులకు దిగాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే హరిత రాస్తోంది. ఇందులో వచ్చే పిల్ల కూడా ఈమే.

ఆ తోట మధ్యలో పాత గుట్ట ముక్క ఒకటి అందం కోసం వదిలేశారు. ఒక శుక్రవారం పొద్దున దాని చుట్టూ ఒక పిల్ల తిరుగుతోంది. చేతిలో కాగితాలు. కాగితం చూస్తుంది, రాయి చూస్తుంది, మళ్లీ కాగితం చూస్తుంది.

"ఏంది బిడ్డా, రాయికి సంబంధం చూస్తున్నవా?" అన్నాను.

నవ్వుతుందనుకుంటే కళ్లు తుడుచుకుంది. అనంతపురం వైపు పిల్ల. నిజాంపేటలో హాస్టల్లో ఉండి జియాలజీ, అంటే రాళ్ల చదువు, చదువుతోంది. సోమవారం సెమినార్ ఉందట. ఒక రీసెర్చ్ పేపర్ వెతికి పట్టుకుని, అందులో ఏది నిలుస్తుందో ఏది నిలవదో క్లాసు ముందు చెప్పాలి. పరిశోధన చేసినవాళ్లు ఏం చూశారో, ఎలా కొలిచారో రాసి అచ్చువేసేదే రీసెర్చ్ పేపర్. కిందటిసారి ఈమె పేపర్లో ఉన్నదే చదివితే, సార్ సగంలోనే ఆపేశారట. "పేపర్ ఏం చెప్పిందో నాకు తెలుసు. నువ్వేం చూశావు?" అన్నారట. ఈసారి కూడా అదే జరిగితే ఫెయిల్.

"వారం రోజులు వెతికినా పెద్దమ్మా. రోజూ ఆటోలో పోయే దారిలోని గుట్ట గదా అని ఇది పట్టుకున్నా. తీరా వస్తే గుట్టే లేదు, ఈ ముక్కే మిగిలింది. తప్పు యాడుందో తెలీడం లే."

కాగితంలో ఫొటో చూపించింది. రాయి మీద సుత్తి పెట్టి తీశారు. చూసేవాళ్లకు పగులు ఎంత పెద్దదో తెలియడానికి అలా పెడతారట.

"గింత సుత్తితోని ఏం కొడతరు, చింతపండా?" అన్నాను. అప్పుడు నవ్వింది. అంతలో నా చూపు ఫొటోలోని పగులు మీద పడింది. చుట్టూ గుట్ట పోయి టవర్లు లేచాయి కాబట్టి, ఈ ముక్క మేం పనిచేసిన గుట్టదేనని అంతవరకు పోల్చుకోలేదు.

"గీ పగులును ఏమంటున్నరు వీళ్లు?"

"షీట్ జాయింట్ అని రాసినారు. అంటే బండ తనంతట తానే పొరలాగా విడిపోవడం."

"తనంతట తానా? గది మేం లేపింది బిడ్డా! మా ఆయన మంట పెట్టిండు, నేను మోత విన్న!"

ఆ పిల్లను పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాను. బండ మీద ఎండుకట్టెలు పేర్చి సన్నగా మంట పెడతాం. వేడికి పైపొర ఉబ్బి కింది రాయి నుంచి విడిపోతుంది. అది ఎంతదాకా విడిందో కంటికి కనపడదు. చిన్న రాయితో కొడుతూ వినాలి. విడినచోట డొల్ల మోత, విడనిచోట గట్టి మోత. డొల్ల మోత వచ్చినకొద్దీ మంటను జానెడు జానెడు ముందుకు జరుపుతాం. వినే పని నాది, జరిపే పని ఆయనది. బండ లేపడానికి ఉలి వాడం కాబట్టి, మనిషి చేసిన పని అని పట్టించే రంధ్రాలు రాయికి ఉండవు. చదువుకున్నవాళ్లు మోసపోయింది అక్కడే.

ఆ బండ సగం లేచేసరికి భూమి అమ్ముడుపోయి పని ఆపమన్నారు. మళ్లీ మొదలుపెట్టే రోజు వస్తే గుర్తుండాలని, మంట ఆగినచోట ఎల్లయ్య ఉలితో చిన్న గంటు పెట్టాడు.

"పా, చూద్దాం," అని లేచాను. నాచు గీకితే గంటు కనపడింది! హరిత నా రెండు చేతులూ పట్టుకుని గెంతింది. పగులు అంచు ఎర్రబడి ఉంది. అదెందుకో పేపర్లో లేదట. మంట ఆనవాలు కదా మరి.

పేపర్లోని బొమ్మలో పగులును రాయి చివరిదాకా చుక్కల గీతగా గీశారు. చుక్కలంటే కంటితో చూడలేదు, ఉంటుందని అనుకున్నారు అని అర్థమట. "అయితే తప్పు. గంటు కాడ ఆగుతది, విను," అని గర్వంగా కొడుతూ వచ్చాను. గంటు దగ్గరికి వచ్చింది, డొల్ల. గంటు దాటాను, ఇంకా డొల్ల. రెండు మూరలు పోయాకగానీ గట్టి మోత రాలేదు. నా మొహం మాడిపోయింది.

"పెద్దమ్మా, మీరు గంటు దగ్గరే ఆగుతుందన్నారే?"

"ఆనాడు నా చెవి తప్పేది కాదు. గీ రెండు మూరలు చెప్పకు. గంటు కాడ ఆగిందని చెప్పు, ఎవడొచ్చి చూస్తడు?"

హరిత కాగితాలు సర్దుకుంది. "వద్దు పెద్దమ్మా. మోత వినిపించింది గదా. ఉన్నది ఉన్నట్టు చెప్పల్ల." నాకు కోపమొచ్చింది. సోమవారం ఆ పిల్లను నవ్వులపాలు చేసేది నా మాటే అనిపించి, రెండు రోజులు అన్నం సయించలేదు.

మంగళవారం పదిమంది పిల్లల్ని వెంటేసుకుని వాళ్ల సారే తోటకు వచ్చారు. "మల్లమ్మ మీరేనా అమ్మా? ఇలా కూర్చోండి," అని తను నేల మీద కూర్చున్నారు. రాయి తీసుకుని టకటకా కొట్టారు. "సార్, గట్ల తలుపు కొట్టినట్టు గాదు. కొట్టి ఆగాలె, మోత పోయేదాక వినాలె," అన్నాను. పిల్లలు నవ్వారు, సార్ కూడా నవ్వారు. గంటు దగ్గర డొల్ల. దాటాక డొల్ల. రెండు మూరల దగ్గర గట్టి మోత. నాకు వినపడ్డచోటే ఆయనకూ వినపడింది!

"గీ రెండు మూరలే నాకు సమజైతలేదు సార్," అన్నాను తలవంచుకుని.

"నాకు కావలసింది అదేనమ్మా. పగటి ఎండకు బండ ఉబ్బుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. మీ ఆయన మొదలుపెట్టిన పగులును ఇన్నేళ్లలో ఎండ కొంచెం కొంచెంగా ముందుకు తీసుకుపోయి ఉండాలి. ఎక్కడ మొదలైందో గంటు చెబుతోంది. ఇలా గుర్తున్న రాయి నేనింతవరకు చూడలేదు. ఈ అమ్మాయి ఆ రెండు మూరలు దాచి ఉంటే నేను వచ్చేవాణ్ణే కాదు."

హరిత పాసైంది. పేపర్ రాసినవాళ్లకు సార్ ఉత్తరం రాయించారు. అందులో ఈ సంగతి చెప్పినవాళ్ల పేరు పెట్టాలని ఆయన అంటే, ఎల్లయ్య పేరు ముందు పెట్టమన్నాను.

ఇన్నేళ్లూ నా చెవి చెప్పిందే ఖాయం అనుకుని పని చేశాను. నేను అనుకున్నదానికీ రాయి చెప్పినదానికీ తేడా వస్తే దాచేదాన్ని. ఇప్పుడు పనికి కొత్తగా వచ్చినవాళ్ల చేతికి రాయిచ్చి, ముందు నువ్వు కొట్టు, ఏం వినపడిందో చెప్పు అంటున్నాను. నాకు వినపడినదానికి తేడాగా చెబితే పని ఆపి ఇద్దరం మళ్లీ కొడతాం. ఎల్లయ్య గంటు దగ్గర వదిలేసిన మంటను ఎండ ఇంకా నడుపుతోందని నాకు తెలిసింది అట్లా వచ్చిన తేడాలోనే కదా.