రెండించుల శ్రీమంతుడు

తిరుమలగిరి పక్క ఊళ్లో మా మేనల్లుడు యాదగిరి బోరు వేస్తే రెండించుల మందం ధారతో నీళ్లు పడ్డాయి. ఆ మెట్టనేలలో ఒక ఇంచు పడితేనే ఆసామి. రెండు పడితే జమీందారు. ఆ ధార కింద కాకులు తలస్నానం చేసి క్రాపు దువ్వుకున్నాయంటే మీరు నమ్మరు, నేను చూశాను. నీళ్లు లేవని అప్పటిదాకా వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయిన ముదురు పెండ్లికొడుకు ఒక్కసారిగా ఎత్తు పెరిగాడు. మిర్యాలగూడ నుంచి సంబంధం వచ్చింది. ఇదీ తప్పితే వాడికిక పెండ్లి లేదని మా అక్క కన్నీళ్లు పెట్టుకుంటే, పెద్దమనిషిగా నేను వెంట బయలుదేరాను.

పొద్దున ఏడింటికి సూర్యాపేట బస్టాండులో ఇడ్లీ తిని కోదాడ బస్సెక్కాం. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని యాదగిరి సీటుకు ఆనుకోలేదు. మునగాలలో ఎక్కిన రైతు పక్కన కూర్చోగానే మావాడు బోరు సంగతి ఎత్తుకున్నాడు.

"ఇంచులా?" ఆయన నవ్వాడు. "మాకు కాల్వ పారుతది తమ్మీ. నీళ్లను స్కేలు వెట్టి కొలిచేటోళ్లను గిప్పుడే సూస్తున్న."

మావాడు అర ఇంచు తగ్గాడు.

కోదాడలో మా కోసం కాచుకున్న మధ్యవర్తి టీ తాగించి, "బోరుదేముందండీ! హైవే పక్కన ప్లాటేమన్నా ఉందా? ఈ రోజుల్లో గజాలున్నోడే మనిషి," అన్నాడు. ముగ్గురం మిర్యాలగూడ బస్సెక్కాం. హుజూర్‌నగర్‌లో బస్సు ఆగగానే యాదగిరి నా చెవిలో, "దిగుదాం మామా. మనం గరీబోళ్లమని పొద్దుగాల నాకు తెల్వకపాయె," అన్నాడు.

"సప్పుడు చెయ్యకు. మాట్లాడేది నేను," అన్నాను.

మిట్టమధ్యాహ్నానికి చేరాం. పిల్ల తండ్రికి రైస్ మిల్లు ఉంది. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కోడికూరతో అన్నం పెట్టి, ఆయన నిట్టూర్చాడు. "మేం లేనోళ్లం బావా. ఒక్కటే మిల్లు. పక్కింటాయనకు మూడు."

నేను గొంతు సవరించుకుని మూడు బోర్లు, సొంత చెరువు, అందులో మొసలి దాకా వచ్చేసరికి యాదగిరి అడ్డుపడ్డాడు. "అబద్ధం. ఒక్కటే బోరు. రెండించులు."

మిల్లాయన ముఖం మాడింది. తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల శ్రావణి మాత్రం నేరుగా మావాణ్ణే అడిగింది.

"మీ ఊర్ల మీకన్న ఎక్కువ నీళ్లు ఎవరికున్నయ్?"

"ఎవ్వరికీ లేవు."

"నాయనా, ఖాయం చెయ్యి," అంది ఆమె. "గీడ మూడు మిల్లుల పక్కన ఒక్క మిల్లోళ్ల బిడ్డనై సస్తున్న. ఏ ఫంక్షన్‌కు పోయినా ఎనక కుర్సీలే. గాడ ముందల కుర్సీ నాదే."

తండ్రి నావైపు తిరిగాడు. "బావా, మీ ఊర్ల మిల్లులెన్ని?"

"ఒక్కటి గూడ లేదు."

ఆయన కళ్లు మెరిశాయి. "గాడ జర మిల్లుకు జాగ సూడరాదూ నాకు గూడ!"

సాయంత్రం సూర్యాపేట బస్సులో యాదగిరి కాలు మీద కాలేసుకుని, కండక్టర్‌ను చిల్లర ఉంచుకొమ్మన్నాడు. ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పేదొకటే: గొడుగు, మంచినీళ్లు తీసుకెళ్లండి, కలిమిని మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. బస్సు ఆగినచోటల్లా దాని కొలత మారుతుంది.

సూర్యాపేట దగ్గరపడుతుండగా ఊరి నుంచి వాడికి ఫోన్ వచ్చింది. విని, నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు.

"పక్క చేను మల్లయ్యకు బోరు పడ్డదంట మామా. మూడించులు."

"పడనియ్‌రా. నీకు పిల్ల ఖాయమాయె గద."

"ఆమె ఒప్పుకున్నది నన్ను సూసి కాదు మామా."

కాసేపు కాలు దించి బుద్ధిగా కూర్చున్నాడు. తర్వాత అడిగాడు: "బోరు బండాయన నంబరున్నదా నీ దగ్గర?"