బాలింత మనసు తెలిసిన నర్సమ్మ

ఎల్లారెడ్డి దవాఖానలో చాలా ఏళ్లు పనిచేసిన మా నర్సమ్మ మొన్న మంగళవారం కామారెడ్డిలో కన్నుమూసింది. కబురు విని నా భార్య పొయ్యి దగ్గరే కూలబడింది. నర్సమ్మ లేకపోతే మా కాపురం నిలిచేది కాదు.

నిజాంసాగర్ కాలువలకు కొత్తగా నీళ్లు వదిలిన రోజులవి. మా తొలిచూలు బిడ్డకు ఏడు నెలలు. నా భార్య నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. చెయ్యి తగిలితే ముడుచుకుపోయేది. దయ్యం పట్టిందని మా అమ్మ మంత్రగాణ్ణి పిలిపించింది. అతను వేపమండలతో కొడుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత లింగంపేట వెళ్లి రెండో సంబంధం కూడా చూసి వచ్చాను.

బిడ్డకు జ్వరమొస్తే దవాఖానకు వెళ్లాం. నా భార్య వీపు మీది వాతలు నర్సమ్మ కంటబడ్డాయి. నన్ను వరండాలోకి పిలిచింది.

“ఏందయ్యా గిది?”

తలవంచుకుని అంతా చెప్పాను.

“మీ ఇంట్ల బర్రె ఉందా? దూడ పాలు తాగుతుండంగ ఎదకొచ్చిందా?”

“రాలేదమ్మా.”

“మరి దయ్యం పట్టిందని దాన్ని కొట్టినవా?”

ఆమె గొంతు తగ్గించింది.

“మెదడు కింద శనగ గింజంత గ్రంథి ఉంటది. రొమ్ముల పాలు ఊరమని చెప్పేది అదే. అది ఆ పనిల ఉన్నన్ని దినాలు పాలిచ్చే తల్లికి కోరిక తగ్గుతది, అది తప్పు గాదు. గని ఆడమనిషి బర్రె గాదు బిడ్డా. కోరికకు నెత్తిల ఒక తొవ్వ ఉంటది. భయం అడ్డం కూసుంటే కోరిక ఆ తొవ్వల నడవదు. ముందు ఆ భయం తీసెయ్.”

పెద్ద డాక్టరును అడిగి తెచ్చుకున్న పుస్తకాల్లో ఆమె ఇవన్నీ చదివిందట. నాడి చూడాలన్నా “ముట్టుకోనా బిడ్డా?” అని అడిగేది. రెండో సంబంధం మానుకుని, నేనూ నా భార్యను అలా అడగడం నేర్చుకున్నాను. ఏడాది దాటాక ఒక రోజు నా భార్య తానే వచ్చి నా పక్కన కూర్చుంది.

ఇంత ఓపిక ఎక్కడిదమ్మా అని ఒకసారి అడిగాను.

“నా బాలింత రోజుల్ల గీ ముచ్చట చెప్పెటోళ్లే లేకపోయిరి. మా ఆయన ఇంకొకతెను తెచ్చుకుండు” అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమెను పూడ్చిపెట్టే వేళకు రామారెడ్డి ఊరి నుంచి కూడా ఆడవాళ్లు వచ్చారు. ఒకామె చంటిబిడ్డ ఏడుపందుకున్నాడు. తవ్విపోసిన మట్టి పక్కనే కూర్చుని ఆమె పాలివ్వసాగింది. ఎండ తగలకుండా ఆమె భర్త తన తువ్వాలు రెండు చేతులా పట్టుకుని, బిడ్డ తాగినంతసేపూ అలాగే నిలబడ్డాడు.