జోకొట్టిన మొక్కలు

ఉద్యోగమని పిలిచి, ఆ పిల్ల చేత సొంత తల్లి పోడు చేనులోనే టేకు మొక్కలు నాటించారు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

చదువు ఆగిపోయిన గూడెం పిల్లలకు అడవి పనులు నేర్పి, నెల జీతం ఇప్పిస్తామని ఒక సంస్థ వచ్చింది. వాళ్ళందరిలో ఆ పిల్లది మంచి చెయ్యి. వేరు ముద్ద చెదరకుండా సంచి చింపి, మొక్క నిలిపి, మట్టి కప్పి, పసిబిడ్డను జోకొట్టినట్టు అరచేత్తో తట్టేది.

అడవి భూమంటూ ఫారెస్టు వాళ్ళు తల్లి చేను తీసుకున్నాక, అక్కడా అట్లాగే తట్టింది. తల్లి గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంది. పని నేర్పే సారు మాత్రం, "చూడుండ్రి, నాటుడంటే గట్ల!" అని మిగతా పిల్లలకు చూపించాడు.

ఒక్క మొక్కా చావలేదు. జొన్న పండిన చోట ఇప్పుడు టేకు నీడ. ఆ దారిన పోతే నాకు ఆ తట్టుడే వినబడుతుంది.

మొన్న సంతలో కనబడితే అడిగేశాను.

"ఏందే బిడ్డా, వేరు వంచి పెడితే ఎండిపోయేది గదా! గంత మంచిగ ఎందుకు నాటినవ్?"

చింతపండు బేరం ఆపి, నావైపు చూడకుండానే అంది:

"ఎండిపోతే మళ్ల నన్నే నాటమంటరు తాతా. మా అమ్మ ముందట ఆ గుంతలు రెండోపాలి తవ్వాల్నా?"