అబూ ఖల్దూన్ కన్ను

అమ్మాన్‌లో, జబల్ తాజ్ కొండ మెట్ల వీధిలో, అబూ ఖల్దూన్ అంత ఓర్వలేని మనిషి ఇంకొకడు లేడు. ఎదుటివాడు కొత్త చెప్పులు తొడిగితే ఆయన కళ్ళు కుట్టేవి. పాత చెప్పులే తొడిగితే, "ఎంత మెత్తబడ్డాయో, అదృష్టం!" అని ఏడ్చేవాడు. ఒకసారి శ్మశానానికి వెళ్ళి, అప్పుడే పూడ్చిన పెద్దమనిషి సమాధి చూసి, "ఎండ నేరుగా ఇక్కడే పడుతోంది, పెట్టి పుట్టాడు!" అని నిట్టూర్చాడు.

ఆ చలికాలం ఇంధనం మీద పన్ను నెలనెలా పెంచారు. పెట్రోలు, కిరసనాయిలు, వాటి వెనకే రొట్టె, టమాటా. నెలాఖరున కొత్త ధరలు చదువుతుంటే వీధి వీధంతా రేడియోని తిట్టేది. అబూ ఖల్దూన్ మాత్రం, "ఆ చదివేవాడి గొంతు విన్నారా, ఎంత వెచ్చగా ఉందో! వాడి గదిలో చలి కాచుకునే సోబా పొయ్యిలు రెండు వెలుగుతున్నాయి, పందెం కాస్తారా?" అని కుళ్ళుకునేవాడు.

మెట్ల చివరింటి ఉమ్ వాసిఫ్‌కి ఆయన కన్నంటే హడల్. భర్త పోయాక పెళ్ళిగౌన్ల మీద కుట్టుపనే ఆమెకి ఆధారం. వేళ్ళు కొంకర్లు పోతే సూది కదలదు, సూది కదలకపోతే రొట్టె లేదు. అందుకని సీసాడు చొప్పున కిరసనాయిలు కొనుక్కుని, సోబాలో గోరంత మంట పెట్టుకుని కుట్టేది. మసీదువాళ్ళు డబ్బాడు నూనె తెచ్చి ఇస్తే, "నా చేతులింకా పడిపోలేదు" అని గుమ్మంలోంచే తిప్పి పంపింది.

ఒకరోజు అబూ ఖల్దూన్ కిటికీలో తల పెట్టాడు.

"ఏమ్మా ఉమ్ వాసిఫ్! ఏమిటా మంట! ఎంత నీలంగా ఉందో!"

"మాషా అల్లా అనండి! దిష్టి తగలకుండా ముందు ఆ మాట అనండి!"

"కుళ్ళుతో చస్తుంటే ఎలా అంటాను?" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి సోబా టపటపలాడి ఆరిపోయింది. సీసా ఖాళీ అయిందని ఆమెకి తెలుసు. అయినా తిట్టుకోవడానికి పన్నుకంటే ఆయన కన్నే దగ్గరగా ఉంది.

తెల్లవారేసరికి ఆయనే కిరసనాయిలు డబ్బాతో వచ్చాడు. "నా పాడు కన్ను తగిలిందట కదా. దిష్టి పెట్టినవాడి చేతినుంచి ఏదైనా పుచ్చుకుంటేనే అది పోతుందని మా అమ్మ చెప్పేది. వద్దంటే ఇంటినే పట్టుకుంటుందమ్మా."

"ఇది దానం కాదు కదా?"

"దానమా? నేనా? ఇస్తుంటే ప్రాణం పోతోంది!"

దిష్టికి భయపడి తీసుకుంది. ఆ తర్వాత వారానికోసారి ఆ కన్ను తగులుతూనే ఉంది. ఆమె తిడుతూనే ఉంది, డబ్బా అందుకుంటూనే ఉంది.

ఓనాడు పక్కింటి ఉమ్ గాజీ, "నా సోబాకీ ఆయన దిష్టి తగిలిందమ్మా, రెండు డబ్బాలిచ్చాడు" అంది.

ఉమ్ వాసిఫ్‌కి ఒళ్ళు మండిపోయింది. రెండా! నాకొక్కటేనా! నా మంటకేం తక్కువ? ఆ ఊపులోనే మెట్లెక్కి, తగువు పెట్టుకుందామని ఆయన తలుపు తోసింది.

అబూ ఖల్దూన్ ఓవర్‌కోటు మీద దుప్పటి కప్పుకుని, ఒకదానిమీద ఒకటి రెండు టోపీలు పెట్టుకుని, సోబా ముందు కూర్చున్నాడు. సోబా చల్లగా ఉంది. దాని ఒత్తికి నూనె అంటి ఎన్నాళ్ళయిందో, సాలెగూడు పట్టింది.

ఆమెకి ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. ఆ వెంటనే ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఏదైనా ఇస్తానంటే పుచ్చుకోడని తెలుసు. నడుం మీద చేతులు పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"అబ్బో! రెండు టోపీలే! నాకు కళ్ళు కుట్టేస్తున్నాయి అబూ ఖల్దూన్!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మాషా అల్లా అనమ్మా!"

"అనను" అని చరచరా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి ఆయన తుమ్ముతున్నాడు. ఆమె ఒక చేతిలో వేడివేడి పప్పు చారు గిన్నె, ఇంకో చేతిలో ఆయన తెచ్చిందే సగం డబ్బా.

"నా పాడు కన్ను తగిలింది. పుచ్చుకుంటారా, ఇంటిని పట్టుకోమంటారా?"

ఆయన డబ్బా అందుకున్నాడు. సోబా వెలిగించారు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని రెండు గుక్కలు తాగి, మంటకేసి, చారుకేసి, ఆమెకేసి చూశాడు.

"ఉమ్ వాసిఫ్, ఇప్పుడు నన్ను చూస్తే నాకే కుళ్ళుగా ఉందమ్మా."